మొగ దగ్గరి గెడ

నీళ్ళలో పాతిన గెడ పీకడమంటే పట్టుకుని లాగడం కాదు. లాగితే నడుం పడుతుంది గానీ గెడ రాదు. ఒంటికి ఆనించి పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాలి. ఊపగా ఊపగా అడుగున బురద పట్టు వదులుతుంది, బుడగలు పైకొస్తాయి. అప్పుడు మోకాళ్ళు వంచి ఒక్కసారిగా లేపాలి. సాయిదుర్గకి ఇది ఎవరూ నేర్పలేదు. పాలెంలో ఆడవాళ్ళు గెడ ముట్టరు, కాబట్టి వాళ్ళకి నేర్పే పనీ ఉండదు. పుట్టిన దగ్గర్నుంచి చూస్తోంది గనక చేతికి వచ్చేసింది.

శనివారం పొద్దున్న ఆరు గంటలు. పాటు బాగా తీసి నీళ్ళు దిగాయి. ఊరి పక్క ఉప్పునీటి మడుగైన ఆవలో నీళ్ళు సముద్రంలోకి పోయే ఇరుకు దారిని పాలెంలో మొగ అంటారు. ఆ మొగలో నడుం లోతున నిలబడి, మెళ్ళో ఐడీ కార్డు తడవకుండా వీపు మీదకి తిప్పుకుని, దుర్గ గెడని ఊపుతోంది. గట్టుని ఆనుకుని కొత్తగా వేసిన చెక్కబాట మీద నిలబడి, వచ్చినవాళ్ళకి పిట్టల్ని చూపించే ఫ్యామిలీ వాక్ మేనేజరు నీలిమ ఫోన్లో చదివి వినిపిస్తోంది.

“‘నీళ్ళలో మొనదేలిన కర్రలున్నాయి. మా బాబు వంగి పట్టుకోబోయి మోచెయ్యి గీసుకున్నాడు. ఫ్యామిలీ వాక్ అని పేరే గానీ పిల్లలకి భద్రత లేదు.’ ఒకే ఒక్క స్టార్ ఇచ్చారు దుర్గక్కా. పొద్దున్నే పైనుంచి ఫోను. ఏడింటికల్లా నాలుగూ తీయించెయ్యమన్నారు.”

“తీత్తన్నాను మేడం.”

నీలిమ చెడ్డపిల్ల కాదు. తెల్లారకముందే పెందుర్తి నుంచి స్కూటీ మీద బయల్దేరి వస్తుంది. ఆవలోకి వచ్చే ప్రతి పిట్టకీ ఇంగ్లీషు పేరు చెబుతుంది. పిల్లలకి అట్టగొట్టాలతో దుర్భిణీలు చేసిస్తుంది. ఆ నాలుగు కర్రలూ ఏమిటని మాత్రం ఎప్పుడూ అడగలేదు. దుర్గా చెప్పలేదు. అంతకుముందున్న మేనేజరుకి ఇంకేదో ఇలాగే చెప్పబోతే, కుదరకపోతే పనికి వేరేవాళ్ళున్నారన్నాడు. ఉన్నారు కూడా. వాక్‌లో ఊడ్చి కడిగే పనికిచ్చే ఆ ఐడీ కార్డు కోసం పాలెంలో సగం మంది ఆడవాళ్ళు కాచుకుని కూర్చున్నారు. దుర్గ పేరు అచ్చులో పడ్డ వస్తువు ఆమె ఇంట్లో అదొక్కటే.

మొగలో వల వేసే చోట్లు నాలుగు. పాలెంలో ఇళ్ళు డెబ్బై పైమాట. అందుకని వంతులు. వంతు ఎనిమిది రోజులు. రెండు రోజుల ముందే వంతుగాడు వచ్చి, చివర తన ఇంటి రంగు గుడ్డ కట్టి, చోట్లో గెడ పాతుతాడు. ఇక ఆ చోటు వాడిది. తన గెడ తనే పీకేసుకుంటే ఈసారి వంతు వదులుకున్నట్టు. అప్పుడు అంతకుముందు వంతుగాడే వల సాగిస్తాడు. ఒకరి గెడ ఇంకొకరు పీకితే ఏమవుతుందన్నదానికి పాలెంలో మాటలుండవు, తెడ్లే.

చెక్కబాటకి దగ్గరగా ఉన్నది పసుపు గుడ్డ గెడ. అది దుర్గ మొగుడు ఎల్లారావుది. రేపటి నుంచే వంతు. మిగతా మూడూ మూడిళ్ళవి. దుర్గ నీళ్ళలో నిలబడి లెక్క వేసుకుంది. ఎవరి గెడ పీకినా తలకాయలు పగులుతాయి. మనింటిది మనం పీకితే అడిగేవాడెవడు. వాక్ తొమ్మిదికి అయిపోతుంది, మళ్ళీ పాతేస్తే సరి. ఆమెకి ఈ లెక్క ఎంతో తెలివైనదిగా కనిపించింది.

గెడని ఎత్తి భుజాన వేసుకుని గట్టెక్కింది. “మిగతావి దిగిపోయున్నాయి మేడం, నా వల్ల కాదు,” అంది. నీలిమ కాసేపు పెదవి కొరుక్కుని, ఖాళీ నీళ్ళ సీసాల అడుగులు కోసి తెమ్మని, ఆ మూడు గెడల మొనలకీ తొడిగించింది. ఈ పని నాలుగోదానికీ చెయ్యొచ్చు కదా అని ఇద్దరికీ తట్టలేదు. అప్పటికే మొదటి కారు వచ్చి ఆగింది.

తొమ్మిదికి వాక్ అయ్యింది గానీ అప్పటికి పోటెక్కింది. మొగలో నీళ్ళు మెడ దాటి, ఆవలోకి తోసుకొస్తున్నాయి. ఆ వడిలో గెడ నిలబెట్టడం ఇద్దరు మగవాళ్ళ పని. దుర్గ గెడని మొగలి పొదల్లో దాచి ఇంటికి పోయింది. సాయంత్రం ఎల్లారావు గుమ్మంలో కూర్చుని వల కన్నులు వెతుక్కుంటూ, తెగినచోట ముడి వేస్తూ, పాట లాంటిదేదో పాడుతున్నాడు. వారం రోజులుగా మొగలో రొయ్య బాగా పడుతోంది. “మీ అన్న తట్టలు తట్టలు లేపీసినాడే. రేప్పొద్దున్నుంచి మనదే,” అన్నాడు. అప్పుడు చెప్పొచ్చు. అతను నవ్వుతూ ఉన్నాడు కూడా. కానీ ఎల్లారావు నవ్వు ఎంతసేపుంటుందో దుర్గకి తెలుసు. పొద్దున్నే వెళ్ళి పాతేస్తే చెప్పాల్సిన పనే ఉండదు కదా అనుకుని అన్నం వడ్డించింది.

ఆదివారం ఐదున్నరకి ఆవ దగ్గరకి చేరేసరికి నీలిమ గేటు దగ్గరే పట్టుకుంది. స్టీల్‌ప్లాంటు కాలనీ నుంచి బస్సు నిండా ఫ్యామిలీలు ముందే వచ్చేశాయి, ముందు బాత్రూములు కడగాలి. పది నిమిషాల పని అనుకున్నది అరగంటైంది. దుర్గ చీపురు పడేసి మొగలి పొదల్లోకి పరిగెత్తింది. గెడ భుజాన వేసుకుని ఇటు తిరిగేసరికి కాళ్ళు ఆగిపోయాయి.

వాళ్ళ చోట్లో వల వేసి ఉంది. వేసింది అప్పలరాజు, ఆమె అన్న. నిన్నటితో వంతు అయిపోయినవాడు. నడుం లోతులో ఇటు వీపు పెట్టి, వల తోక ముడి విప్పి రొయ్యల్ని తట్టలోకి దులుపుతున్నాడు.

ఇవతలి ఇసుక మీదుగా ఎల్లారావు వస్తున్నాడు, పొదల వైపు చూడలేదు.

అతను మొగ అంచున ఆగి నీళ్ళ వంక చూశాడు. మూడు గెడలు, మొనల మీద సీసాలు. నాలుగోది లేదు. ఆ చోట్లో బావ వల.  తర్వాత భుజం మీది వలని దించి, అంచులకి ఇసుక అంటకుండా మడత పెట్టి, పొడి చోటు చూసి పెట్టాడు. లుంగీ ఎగ్గట్టాడు. గట్టుకి లాగి ఉన్న అప్పలరాజు తెప్ప దగ్గరకి వెళ్ళి, అందులోంచి తెడ్డు తీసుకుని నీళ్ళలోకి దిగాడు.

మొదటి దెబ్బ భుజం వెనక పడింది. అప్పలరాజు తట్టతో సహా ముందుకి తూలి, “బావా, ఏటిది,” అంటూ తిరిగాడు. తిరిగినవాడి చూపు ఎల్లారావు మీంచి దాటి, గట్టు మీద గెడ పట్టుకుని నిలబడ్డ చెల్లెలి మీద ఒక్క క్షణం ఆగింది. సాయం రమ్మంటున్నాడనుకుంది దుర్గ. రెండో దెబ్బకి అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు చెక్కబాట దాకా వినిపించింది. మూడోది మూతి మీద పడింది.

“నా గెడ పీకుతావా. నా గెడ. నా పెళ్ళాం తోడబుట్టినోడివై నా గెడ పీకుతావా.”

ప్రతి మాటకీ ఒక దెబ్బ. అప్పలరాజు నోట్లోంచి రక్తం, దాంతోపాటు రెండు పళ్ళు నీళ్ళలో పడ్డాయి. అతను ఒక్క మాట కూడా అనలేదు. వెనక్కి అడుగు వేయబోయి తన వలలోనే కాలు చిక్కుకుని పడ్డాడు. ఎల్లారావు తెడ్డు వదిలేసి, వాడి ఛాతీ మీద మోకాలు వేసి, తలని రెండు చేతులా నీళ్ళలోకి నొక్కాడు. వలలోంచి వదిలిన రొయ్యలు వాళ్ళ చుట్టూ ఎగురుతున్నాయి.

చెక్కబాట మీద పాతికమంది ఉంటారు. చీర మీద కాన్వాస్ బూట్లు వేసుకున్న పెద్దావిడ ఒకామె కళ్ళు మూసుకుంది. ఒకాయన ఫోను ఎత్తి పట్టుకున్నాడు. నీలిమ మెళ్ళో వేలాడే చిన్న మైకులో, “పిల్లలూ, ఇటు, ఇటు చూడండి, అదిగో కొంగ,” అంటోంది. పిల్లలు ఒక్కరూ కొంగని చూడలేదు. అట్టగొట్టాల దుర్భిణీలు అన్నీ మొగ వైపే ఉన్నాయి. “మేడం, ఇది కూడా వాక్‌లోనే ఉందా?” అని ఒక పిల్ల అడిగింది.

దుర్గ గెడని పొదల్లోకి విసిరేసి నీళ్ళలో దూకింది. మొగుడి జుట్టు రెండు చేతులా పట్టుకుని వెనక్కి వేలాడింది.

“ఒగ్గీ. సచ్చిపోతాడు. ఒగ్గీవయ్యా, సచ్చిపోతన్నాడు.”

అదే అంది. అదొక్కటే మళ్ళీ మళ్ళీ అంది. అనాల్సిన ఇంకో మాట నోటి దాకా వచ్చి ఆగింది. ఆగిందని అప్పుడు ఆమెకే తెలియలేదు. తర్వాత మూడు రోజులూ తెలుస్తూనే ఉంది.

పాలెం నుంచి పరిగెత్తుకొచ్చినవాళ్ళు ఎల్లారావుని లాగేసి, అప్పలరాజుని చెక్కబాట మీదుగా మోసుకెళ్ళారు. పోలీసులొస్తే తెప్ప మీంచి జారి పడ్డాడని పాలెం మొత్తం ఒకటే మాట చెప్పింది. మొగ గొడవ మొగ దాటకూడదు. అప్పలరాజు కుడి ముంజేతిలో రెండెముకలూ విరిగాయి. ఆసుపత్రిలో మోచేతి పైదాకా పిండికట్టు వేసి, మూడు నెలలు బరువు ఎత్తొద్దన్నారు. వల లాగేవాడికి ఆ మాట ఎలా ఉంటుందో చెప్పిన డాక్టరుకి తెలియకపోవచ్చు. వాళ్ళావిడ చిట్టమ్మకి తెలిసింది. ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఆమె మొగుడి ఎడమచెయ్యి పట్టుకుని కూర్చుంది తప్ప ఏడవలేదు.

సోమవారం దుర్గ పొద్దున్నే చారు, పీతల కూర వండి కేరేజీ సర్దింది. పళ్ళు ఊడినవాడికి నమలడం కష్టమని పీతల్లో కండ తీసి విడిగా పెట్టింది. గుమ్మం దాటబోతుంటే ఎల్లారావు అడ్డంగా నిలబడ్డాడు.

“ఎవుడికే అది?”

“అన్నకి.”

“నా గెడ పీకినోడికి నా ఇంట్లో అన్నం ఎల్తాదా?”

చెంప మీద కొట్టాడు. కేరేజీ ఒలికిపోకుండా దుర్గ రెండు చేతులా పట్టుకుంది కాబట్టి రెండో దెబ్బకీ అడ్డం పెట్టలేకపోయింది. చెవిలో గుయ్యిమంది. ఆ చెవి పట్టుకుని నిలబడి అతని కళ్ళలోకి చూసింది. నాను పీకినాను, అని చెబితే ఇప్పుడేం చేస్తాడు. నిన్న నీళ్ళలో మోకాలు వేసినవాడు. బావ ఛాతీ మీద వేసినవాడికి పెళ్ళాం ఒక లెక్కా. ఆమె భయపడింది. భయం తప్ప ఇంకేమీ లేదు అందులో. పక్కకి తప్పుకుని, కేరేజీ పట్టుకుని, అన్న ఇంటికి నడిచింది.

అప్పలరాజు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మూతి వాచి మొహమే మారిపోయింది. చిట్టమ్మ ముద్దలు చేసి పెడతానంటే వద్దని, ఎడం చేత్తో తనే తిన్నాడు. మధ్యమధ్య ఆగి చెల్లెలి వంక చూశాడు. దుర్గ విసనకర్ర విసురుతూ చాప అంచు చూస్తూ కూర్చుంది.

“బుగ్గ మీద ఆ ఏళ్ళ గుర్తులేటి?” అన్నాడు.

“ఏటీ నేదు. తగిలింది.”

అతను ఇంకాసేపు చూసి మళ్ళీ తినసాగాడు.

ఆ మధ్యాహ్నమే చిట్టమ్మ తమ్ముడు బాబీ ఇద్దర్ని వెంటేసుకుని ఒడ్డుకి వచ్చాడు. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ పని వాడిది, ఒంటి మీద కంపెనీ చొక్కా ఇంకా విప్పలేదు. ఎల్లారావు ఇసుక మీద ఆరేసిన వలని వాళ్ళు చేపల కత్తులతో అడ్డంగా కోశారు. అడ్డంగా కోస్తే వల మళ్ళీ అల్లడానికి పనికిరాదు. నిలువుగా కోస్తే కోపం, అడ్డంగా కోస్తే పగ. తెప్ప దుంగల్ని కట్టిన తాళ్ళు నరికారు. ఒకడు గొడ్డలితో దుంగ మీద వేస్తూనే ఉన్నాడు, పేళ్ళు లేచి ఎగురుతున్నాయి.

ఎల్లారావు పరిగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు గొడ్డలి ఉన్నవాడి మీదకి దూకాడు. వాణ్ణి కింద పడేసి గొంతు పట్టుకున్నాడు. వెనకనుంచి బాబీ లంగరు రాయి రెండు చేతులా ఎత్తి అతని తల మీద వేశాడు. తప్పి పక్కకి తగిలింది కాబట్టి బతికాడు. లేకపోతే బతికేవాడు కాదు. చెవి పైనుంచి నెత్తి దాకా చర్మం చీలి, కన్ను కనపడకుండా రక్తం కారింది. అయినా లేచాడు. లేచి, బాబీ చెయ్యి కండ ఊడేలా కొరికాడు. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు తెడ్లూ తట్టలూ పట్టుకుని మధ్యలో పడకపోతే ఆ రోజు ఎవరో ఒకరు పోవలసిందే.

దుర్గ కాఫీపొడి డబ్బా మొత్తం గాయంలో కుక్కి, చీర చింపి కట్టింది. ఎల్లారావు పళ్ళు బిగించి కూర్చున్నాడు. “మీ అన్న పంపించీసుంటాడు,” అన్నాడు. “సెయ్యి ఇరిగినా బుద్ది రానేదు ఆడికి.”

“అన్న పంపించడు.”

“నీకేటి తెలుసు?”

దుర్గ ముడి బిగించింది. నిన్న చెబితే ఒక చెయ్యి, రెండు పళ్ళతో పోయేది. ఇప్పుడు వల, తెప్ప, తల. ఒక్కొక్క పూట గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కుతోంది. పొద్దుటికి ఎత్తగలిగింది సాయంత్రానికి ఎత్తలేకపోతోంది. తను పిరికిది. అంతకంటే గొప్ప కారణం ఏదీ దొరకలేదు ఆమెకి.

మంగళవారం నీలిమ ఫోన్ చేసి రెండు వారాలు వాక్ ఆపేశామంది. చెక్కబాట ఓసారి కడిగి పెట్టమంది. అప్పలరాజుని ఎత్తుకొచ్చిన దారంతా మరకలున్నాయిట. ఫోన్ పెట్టెయ్యకుండా కాస్త ఆగి, “దుర్గక్కా, ఆ కర్ర గురించి కాదు కదా గొడవ?” అని అడిగింది.

“కాదు మేడం. ఇంటి గొడవ.”

“హమ్మయ్య,” అంది నీలిమ. అంతే. ఆ హమ్మయ్య విన్నాక దుర్గకి ఆ పిల్ల మీద మొదటిసారి ఒళ్ళు మండింది. తర్వాత తన మీదే మండింది. ఉప్పునీళ్ళు పోసి, చీపురుతో చెక్కల సందుల్లోంచి అన్న రక్తం గోకింది. ఎండిపోయి ఒక పట్టాన రాలేదు. అక్కణ్ణుంచే కేరేజీ పట్టుకుని అన్న ఇంటికి వెళ్ళింది.

చిట్టమ్మ తలుపు దగ్గరే చెప్పింది. “రేపు వలల షెడ్డులో కూర్సుంటారంట. మీ అన్న చేత పెమాణం సేయిత్తారంట. సేసీమంటే సెయ్యనంటన్నాడు దుర్గా. నువ్వైనా సెప్పు. సెయ్యకపోతే ఈడే పీకీసినాడని తేల్చీసి, మొగలో వంతు తీసేత్తారు. ఆరుగురం బతకాల.”

దుర్గ లోపలికి వెళ్ళి కూర్చుంది. “పెమాణం సెయ్యొచ్చు కదన్నా. నువ్వు పీకనేదు కదా.”

అప్పలరాజు ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నవాడు ఆగాడు. “పీకలేదని నీకెలా తెలుసు?”

“నువ్వు పీకవు.”

“అంతేనా?”

“అంతే.”

అతను ముద్దని మళ్ళీ కంచంలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు.

బుధవారం నాలుగింటికి షెడ్డు నిండిపోయింది. మగవాళ్ళు లోపల, ఆడవాళ్ళు బయట పందిరి రాటల దగ్గర. కులపెద్ద పోలిరాజు బోర్లించిన తట్ట మీద కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఎవరినీ పేరు పెట్టి పిలవడు, ఇంటి రంగుతో పిలుస్తాడు. తలకి కట్టుతో ఎల్లారావు ఒక పక్క, చేతికి కట్టుతో అప్పలరాజు ఇంకో పక్క. మధ్యలో పోలీసు స్టేషన్లో పెట్టినట్టు విరిగిన తెడ్డు, కోసిన వల.

“ఎర్రగుడ్డోడా, సెప్పు. గెడ నువ్వు పీకినావా?”

“నేదు పెద్దయ్యా,” అన్నాడు అప్పలరాజు. “సోటులో గెడ నేదు. గెడ నేదు కదాని వల ఏసినాను.”

“అయితే మొగలోకి దిగి పెమాణం సెయ్యి. ‘గెడ నాను పీకలేదు. పీకినోలెవులో నాకు తెలీదు. అబద్దమైతే గంగమ్మ నన్ను తీసుకెల్లిపోవాల.’ ఇదే మాట. సేసీ, సేతులు కడిగీసుకుందాం.”

“మొదటి ముక్క సేత్తాను.”

“ముక్కలేటిరా? రెండూ కలిపే పెమాణం.”

అప్పలరాజు తల దించుకున్నాడు. “సెయ్యనయ్యా,” అన్నాడు.

షెడ్డులో గోల లేచింది. ఎల్లారావు తొడ మీద కొట్టుకుని, “సూసినారా,” అన్నాడు. అవతలినుంచి బాబీ లేచాడు, ఇద్దరు వాణ్ణి పట్టుకున్నారు. పోలిరాజు చెయ్యెత్తాడు. “పెమాణం సెయ్యనోడు ఒప్పుకున్నట్టే. ఏడాది పాటు ఎర్రగుడ్డ మొగలో…”

“నాను పీకినాను.”

ఆ గొంతు తనదేనని దుర్గకి తెలియడానికి క్షణం పట్టింది. రాట పట్టుకుని నిలబడి ఉంది. ఆడవాళ్ళంతా ఆమె నుంచి కొంచెం పక్కకి జరిగారు.

“పసుపు గెడ నాను పీకినాను. సనివారం పొద్దున్న. వాక్‌కి అడ్డమని తియ్యమన్నారు. మళ్ళీ పాతేద్దామనుకున్నాను, పోటెక్కీసింది. అన్నకేటీ తెలీదు. మొగలి పొదల్లో ఉంది, ఎల్లి సూసుకోండి.”

 పోలిరాజు ఆమె వంక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఆ షెడ్డులో ఆడమనిషి గొంతు విని ఎన్నాళ్ళైందో.

“నాలుగు గెడలుండగా సొంతింటిదే ఎందుకు పీకినావే అమ్మా?”

“ఏరే ఇంటిది పీకితే తలకాయలు పగిలిపోతాయని,” అంది దుర్గ.

వెనక ఎవడో ఫక్కున నవ్వాడు. నవ్వినవాడి కళ్ళు ఎల్లారావు తలకట్టు మీద పడ్డాయి, అక్కడితో నవ్వు ఆగిపోయింది.

ఎల్లారావు లేచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేల మీది విరిగిన తెడ్డు అందుకుని మగవాళ్ళని తోసుకుంటూ రాట వైపు వచ్చాడు. దుర్గ కదల్లేదు. ఎక్కడికి కదులుతుంది. తెడ్డు లేచింది. బాబీ వెనకనుంచి దూకి అతని రెండు రెక్కలూ విరిచి పట్టుకున్నాడు. మొన్న రాయి వేసినవాడు, ఇవాళ చెవిలో, “వొద్దు మావా, వొద్దు, అయిపోనాది,” అంటున్నాడు. ఎల్లారావు పెనుగులాడి, పెనుగులాడి, తెడ్డు జారవిడిచి అక్కడే చతికిలబడ్డాడు. బావ చేతికున్న పిండికట్టు వంక చూస్తూ నెత్తి కొట్టుకున్నాడు. గాయం చిట్లి రక్తం మళ్ళీ కారింది.

బావ చెయ్యి బాగయ్యేదాకా పసుపు గుడ్డ వంతులన్నీ ఎర్రగుడ్డకి. వాటిలో వల లాగేది ఎల్లారావు, రొయ్య మాత్రం అప్పలరాజు గుమ్మంలో పొయ్యాలి. బాబీ కోసిన వల బాబీయే అల్లించాలి. పోలిరాజు తీర్పు ఇది. ఎల్లారావు కట్టుకున్న తలతోనే వంగి ఒప్పుకున్నాడు. ఆ రాత్రి ఇంట్లో దుర్గని కొట్టలేదు. మాట్లాడనూ లేదు. ఆమె వడ్డించిన అన్నం మొహం తిప్పుకుని తిన్నాడు.

గురువారం దుర్గ మెత్తగా అన్నం వండింది. కేరేజీ చేతికి తేలిగ్గా అనిపించింది. నాలుగు రోజుల తర్వాత ఆకలేసింది ఆమెకి, దారిలో టీ కొట్టు దగ్గర ఆగి బన్ను కొనుక్కుని తింది కూడా. చెప్పేసింది. చావలేదు. అన్న వంతు దక్కింది. అన్న కాళ్ళ దగ్గర కూర్చుని కాసేపు ఏడిస్తే ఇక ఇది అయిపోతుంది.

అప్పలరాజు ఆమెని చూసి, “చిట్టీ, మంచినీళ్ళు పట్టుకురా,” అని పెళ్ళాన్ని వీధి కుళాయికి పంపేశాడు. వాపు తగ్గి మొహం మళ్ళీ తన మొహం అవుతోంది. దుర్గ కేరేజీ విప్పబోయింది.

“ఉంచు,” అన్నాడు. “నువ్వు గెడ పీకడం నాను సూసినాను.”

దుర్గ చెయ్యి మూత మీదే ఉండిపోయింది.

“సనివారం. ఎగువన తెప్ప మీద ఉన్నాను. బుజానేసుకుని గట్టెక్కినావు. ఎల్లారావు వంతు ఒగ్గీసి నిన్ను పంపినాడు కావోలనుకున్నాను. అందుకే ఆదివారం వల ఏసినాను. మొదటి దెబ్బ పడ్డాక తిరిగి సూసినాను కదా, నీ మొకం అవుపించింది. ఆడికి తెలీకుండా పీకినావని తెలిసిపోనాది.” ఊడిన పళ్ళ సందులోంచి మాట గాలి పోతోంది. “సెప్పీవోడినే. సెప్తే ఆ తెడ్డు నీ మీదకి తిరుగుద్ది. ఆడి సంగతి నాకు తెల్దా. పోనీలే, నాకైతే సెయ్యే కదా అనుకున్నాను.”

“అన్నా…”

“ఇనీ. ఆదివారం మాట అది. అది నాను ఇష్టపడి సేసిందే, దానికి నిన్నేటీ అనను. సోమారం కేరేజీ ఎట్టుకొచ్చినావు. ఇయాల సెప్తాదిలే అనుకున్నాను. తింటా తింటా నీ మొకమే సూసినాను. సెప్పనేదు. మంగలారం అడిగినాను కూడా. పీకలేదని నీకెలా తెలుసని. అంతే అన్నావు.” అతను కట్టుకున్న చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు. “నా సెల్లి నా ఎదర కూకుని అబద్దం తినిపిత్తంటే మింగినాను దుర్గా. ఆ తెడ్డు దెబ్బలు ఈటి ముందర ఏపాటి.”

దుర్గ మూత మీంచి చెయ్యి తీసేసింది. “నిన్న సెప్పినాను కదన్నా,” అంది. “అందరి ముందరా సెప్పినాను కదా.”

“సెప్పినావు. ఊరికి సెప్పినావు.” అతను ఆమె వంక చూడలేదు. “నాకు సెప్పనేదు.”

బయట కుళాయి దగ్గర బిందెల చప్పుడు, స్టీల్‌ప్లాంటు బస్సు హారను వినిపిస్తున్నాయి. అప్పలరాజు గోడ వైపు తిరిగి, విరిగిన చెయ్యి పైకుండేలా సర్దుకుని పడుకున్నాడు.

“రేపట్నుంచి అన్నం తేకు,” అన్నాడు.

దుర్గ కేరేజీ మూత బిగించి లేచింది. గుమ్మం దాకా వెళ్ళింది. చిట్టమ్మ బిందెతో ఎదురొస్తోంది. ఆమెని కాస్త ఆగమని చేత్తో సైగ చేసి, మళ్ళీ లోపలికి వచ్చి, అన్న వీపు వెనక చాప మీద కూర్చుంది.

“అన్నా, సనివారం పొద్దున్న ఆరు గంటలకి మేడం నన్ను పిలిసింది,” అని మొదలుపెట్టింది. మొత్తం చెప్పింది, ఏమీ తెలియనివాడికి చెప్పినట్టు. బురదలో కాళ్ళు ఎలా దిగబడ్డాయో చెప్పింది. గెడ ఎన్నిసార్లు ఊపిందో, నీళ్ళలో నిలబడి ఏం లెక్క వేసుకుందో చెప్పింది. రాత్రి ఎందుకు చెప్పలేదో, ఆదివారం గట్టు మీద ఏం జరిగిందో, సోమవారం చెంప మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో, తను ఎంత పిరికిదో అంతా చెప్పింది. కొన్ని మాటలు రెండుసార్లు చెప్పింది.

అప్పలరాజు ఇటు తిరగలేదు. ఆపమనీ అనలేదు.